శ్రమలయందు ఆనందము: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత సంఘములలోని ప్రసంగములపై, పాటలపై ఒక విమర్శ

సంఘ కాపరి నోట అతి తరచుగా వినబడే మాటలలో ‘శ్రమలయందు ఆనందము’ ఒకటి. సమాధి తోటలో, ఆసుపత్రి మంచము ప్రక్కన, పంట పోయిన యింటి అరుగు మీద, ఉద్యోగము ఊడిన యువకుని యెదుట మనము ఈ మాట పలుకుతాము. మేమును పాతికేండ్లకు పైగా పలుకుతూ వచ్చాము. ఆ మాటను కొట్టివేయాలన్నది ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అది సువార్తలోని మాట. దానిని తీసివేస్తే ఫిలిప్పీ పత్రిక మిగలదు, పేతురు మొదటి పత్రిక మిగలదు. అయితే మనము దానిని పలికే తీరు వాక్యభాగమునకు న్యాయము చేస్తున్నదా, వినే మనిషికి న్యాయము చేస్తున్నదా అన్నదే మా ప్రశ్న. రెండింటిలో దేనికీ చేయడం లేదన్నది మా అభిప్రాయము. దానికి సాక్ష్యముగా ఇతరుల ప్రసంగములకంటే ముందుగా మా పాత ప్రసంగముల నోటుపుస్తకములనే విప్పుతున్నాము.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు కర్నూలు–కడప రహదారి మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో శిరివెళ్ల. తూర్పున నల్లమల. కె.సి. కాలువ నీరు అందిన చోట వరి, అందని చోట నల్లరేగడిలో జొన్న, శనగ, పత్తి. ఒకే దారి మీద పచ్చని మడి, పగిలిన చేను రెండూ కనబడతాయి. నీళ్లున్న యేడు కుందూ నది పొంగి చేలు ముంచుతుంది; లేని యేడు త్రాగు నీటికి బిందెలు వరుసలో నిలబడతాయి. ఈ నేలలో సంఘములు కరువుతో పాటే పెరిగాయి. 1876–78 నాటి ‘ధాత కరువు’ కర్నూలు జిల్లాను ఎంతగా తిన్నదంటే, 1871 జనాభా లెక్కలలో తొమ్మిది లక్షలు దాటిన జిల్లా 1881 నాటికి ఏడు లక్షలకు లోపే తేలింది. ఎస్.పి.జి. మిషను వారు ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలలు కేంద్రములుగా పని చేసిన పల్లెలు ఈ కరువు దారిలోనివే. మన తాతముత్తాతలలో అనేకులు ఆకలి చూచిన కండ్లతోనే సిలువను చూచారు. కనుక మన సంఘములకు శ్రమ అనేది ప్రసంగీకుడు పరిచయము చేయవలసిన విషయము కాదు. వారికి తెలిసినంత మనకు తెలియదు.

ఇది మాకు అర్థమైన సందర్భమొకటి చెప్పాలి. 2002వ సంవత్సరము దేశమంతటా వానలు తప్పిన యేడు. మేమప్పటికి పరిచర్యలో కొత్త. ఆళ్లగడ్డ వైపు ఒక పల్లెలో ఆ యేటి కోతపండుగ. మామూలుగా గుడి ముందర కోళ్లు, గుమ్మడికాయలు, ధాన్యపు గంపలు, ఆరాధన తరువాత వేలము, నవ్వులు. ఆ యేడు గంపలు తేలికగా వచ్చాయి. కానుకల కీర్తన పాడుతూ ఉండగా ఒక అవ్వ కంకి వేయని జొన్న చొప్ప ఒక కట్ట నెత్తి మీద పెట్టుకొని వచ్చి బలిపీఠము ముందర దించింది. సంఘములో గుసగుసలు లేచాయి. “ఇదేందవ్వా?” అని మేము అడిగితే, “పండింది తెమ్మంటిరి గదయ్యా. మా చేన్లో ఇదే పండిండేది” అన్నది. గొంతులో కోపము లేదు, వేళాకోళము లేదు. మేము ఉపదేశికి సైగ చేసి ఆ కట్టను ప్రక్క గదిలో పెట్టించాము. తరువాత లేచి, హబక్కూకు మూడవ అధ్యాయము పదిహేడు, పద్దెనిమిది వచనముల మీద, పంట లేకపోయినా ఆనందించడం గురించి, ముప్పావు గంట ప్రసంగించాము.

ఆ నోటుపుస్తకము మా దగ్గర ఇంకా ఉన్నది. మూడు భాగములు: ఆనందమునకు అడ్డులు, ఆనందమునకు ఆధారము, ఆనందమునకు ఫలితము. తప్పు పట్టడానికి ఏమీ లేనట్టే కనబడుతుంది. తప్పు ఎక్కడున్నదంటే, మేము పదహారవ వచనమును విడిచిపెట్టాము.

ఇది మా ఒక్కరి అలవాటు కాదు. హబక్కూకు ఆనంద గీతమును పదిహేడవ వచనముతో మొదలుపెట్టడం మన ప్రసంగ వేదికలలో స్థిరపడిన పద్ధతి. కానీ ప్రవక్త అక్కడ మొదలుపెట్టలేదు. దానికి ముందున్న వచనములో అతని కడుపు కలవరపడుతున్నది, పెదవులు వణుకుతున్నాయి, ఎముకలలోకి కుళ్లు దిగుతున్నది, నిలబడిన చోట కాళ్లు ఆడుతున్నాయి. ఆ వణుకు ఆగిన తరువాత ఆనందము వచ్చిందని గ్రంథము చెప్పదు. వణుకుతున్న దేహముతోనే పాట మొదలవుతుంది. ఇంకా వెనుకకు పోతే మొదటి అధ్యాయము ఎంతకాలమని నిలదీయడంతో ఆరంభమవుతుంది. అక్కడ అతని ఫిర్యాదు వానల గురించి కాదు. బలాత్కారము గురించి, న్యాయము చచ్చుబడిపోవడం గురించి. రెండవ అధ్యాయములో రక్తముతో ఊరు కట్టేవానికి అయ్యో అని చెబుతాడు. గోడలోని రాయి మొరపెడుతుందని అంటాడు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు దారంతా వినబడే ఊరిలో, కక్షల కాలములో భర్తలను, కొడుకులను పోగొట్టుకొన్న స్త్రీలు కూర్చున్న గుడిలో, ఆ రాయి వచనమును మేము ఒక్కసారైనా చదివి వినిపించలేదు. రెండు అధ్యాయముల మొర, వణుకు, శాపము దాటి వచ్చిన ఆనందమును మనము చివరి నుండి రెండు వచనములు కోసి పంచుతున్నాము. కాడ లేని పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది.

హెబ్రీ మూలములో మరి రెండు సంగతులున్నాయి. సెమినరీలో చదివినప్పుడు పరీక్ష కోసము వ్రాసి మరచిపోయినవి. ఒకటి: ఒలీవ కాపు తప్పడం గురించి ప్రవక్త వాడిన క్రియ ‘కిఖేష్’. దాని మామూలు అర్థము అబద్ధమాడడం, మోసము చేయడం. చెట్టు మోసము చేసిందంటున్నాడు. మన రైతు నోట ‘ఈ యేడు వాన మోసం చేసింది’ అనే మాట వినని కాపరి ఈ ప్రాంతములో ఉండడు. అది ప్రవక్త భాషయే. దానిని అవిశ్వాసపు మాటగా గద్దించే ప్రసంగీకులను మేము విన్నాము. రెండవది: ఆనందమునకు వాడిన రెండు క్రియలును, ‘ఎఅలోజా’, ‘ఆగీలా’, హెబ్రీలో సంకల్పమును తెలిపే రూపములు. నాకు ఆనందముగా ఉన్నదని చెప్పడం కాదు, ఆనందించాలని పూనుకోవడం. మన తెలుగులోని ‘-ఎదను’ ప్రత్యయము ఈ పూనికను కొంతవరకు మోస్తుంది. కాని చదివేటప్పుడు మనము దానిని కలిగిన అనుభూతిగా వినిపిస్తున్నాము. అందువలన ఏడుస్తున్న మనిషి ‘నాకు ఆ ఆనందము రాలేదు, నా విశ్వాసములో ఏదో లోపము ఉన్నది’ అని యింటికి పోతున్నది. ఒక శ్రమతో వచ్చిన మనిషిని రెండు శ్రమలతో పంపుతున్నాము.

పంట తిరిగి వస్తుందని హబక్కూకు ఎక్కడా చెప్పలేదన్నది కూడా గమనించాలి. మా 2002 ప్రసంగములో మూడవ భాగమంతా అదే. వచ్చే యేడు గంపలు నిండుతాయని చెప్పాము. ఆ మాట చెప్పే అధికారము మాకెవరు ఇచ్చారు?

ఇక యాకోబు పత్రిక. నానా విధములైన శోధనలలో పడినప్పుడు దానిని ఆనందముగా ఎంచుకోవాలన్న మాట మన ఆదరణ కూడికలలో ఎన్ని మారులు చదువబడుతున్నదో లెక్క లేదు. ‘పడినప్పుడు’ అనే చోట గ్రీకులో ఉన్న క్రియ ‘పెరిపిప్తో’. క్రొత్త నిబంధనలో ఇది మూడు చోట్ల మాత్రమే కనబడుతుంది. ఒకటి ఇక్కడ. ఇంకొకటి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడ ఇసుకతిన్నెకు తగులుకోవడం. మిగిలినది లూకా 10లో, యెరికో దారిలో మనిషి దొంగల చేతిలో చిక్కడం. కాబట్టి యాకోబు చూపుతున్న మనిషి తానుగా కోరి శ్రమను తలకెత్తుకొన్న తపస్వి కాడు; కొట్టబడి దారిలో పడి ఉన్నవాడు. ఈ బంధుత్వమును చూచిన తరువాత ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. దారిలో పడి ఉన్న ఆ మనిషి ప్రక్కగా పోతూ, యాజకుడు ఆగి, దీనిని ఆనందముగా ఎంచుకో నాయనా అని చెప్పి ముందుకు పోయినట్లయితే, అతడు యాకోబు పత్రికను ప్రసంగించినట్లా?

యాకోబే జవాబు చెప్పాడు. రెండవ అధ్యాయములో, బట్టలు, తిండి లేని సహోదరునికి ఏమీ ఇవ్వక చల్లని మాట చెప్పి పంపేవానిని ఎండగట్టాడు. అయిదవ అధ్యాయములో, కోతవాండ్ల బిగబట్టిన కూలి కేకలు వేస్తున్నదని, ఆ కేక సైన్యములకు అధిపతి చెవులలో పడిందని వ్రాశాడు. పత్తి తీతకు, మిరప కోతకు పోయి కూలి డబ్బులు నెలల తరబడి అందక తిరిగే తల్లులు మన సంఘములలో ఉన్నారు. వారికి మొదటి అధ్యాయము చదివి, అయిదవ అధ్యాయము చదవకపోవడమంటే పత్రికను సగానికి చింపడమే. కూలి బిగబట్టినవాడు కూడా అదే గుడిలో ముందు వరుసలో కూర్చున్నప్పుడు మొదటి అధ్యాయము ఎంత సుఖముగా ఉంటుందో అనుభవజ్ఞులైన కాపరులకు మేము చెప్పనక్కరలేదు.

‘ఎంచుకొనుడి’ అనే మాట మీద కూడా ఒక మాట. గ్రీకు ‘హేగెయోమై’ అంటే తూచి ఒక నిర్ణయమునకు రావడం. పౌలు ఫిలిప్పీ 3లో తన లాభములను నష్టముగా ఎంచుకొన్నానని చెప్పిన చోట కూడా ఈ క్రియయే. ఇది లెక్కల పుస్తకము ముందు కూర్చున్న మనిషి పని. ఆ లెక్కకు ఆధారము కూడా యాకోబు చెప్పాడు: పరీక్ష ‘హుపొమొనే’ను పుట్టిస్తుంది. మన పాత తెలుగు అనువాదములో ఈ మాట ఇక్కడ ఓర్పు అని, అయిదవ అధ్యాయములో యోబు విషయములో సహనము అని వచ్చింది. రెండు తెలుగు మాటలలోను నోరు మూసుకోవడమనే ఛాయ ఉన్నది. ‘ఓర్చుకోమ్మా’ అన్నామంటే మాట్లాడవద్దని అర్థము. కానీ యాకోబు ‘హుపొమొనే’కు మాదిరిగా చూపించినది యోబును! పుట్టిన దినమును శపించినవాడు, దేవునిని వ్యాజ్యెమునకు పిలిచినవాడు. చివరకు తన్ను గూర్చి సరిగా పలికినది యోబేనని, స్నేహితులు కాదని దేవుడే తీర్పు చెప్పాడు. ఆ స్నేహితులు కూడా మొదటి ఏడు దినములు నేల మీద మౌనముగా కూర్చున్నంతసేపు మంచి కాపరులే. నోరు తెరిచిన తరువాతనే చెడిపోయారు. ఓర్పు అంటే బరువు క్రింద నుండి పారిపోక నిలబడడం. నిలబడి అరవడం దానికి విరోధము కాదు.

మన పల్లెలలో ఇంకొక చిక్కు ఉన్నది. ఓర్పును గూర్చి మనము చెప్పినది వినేవారి చెవిలో ‘నుదుటి రాత’గా మారుతున్నది. ‘దేవుడు రాసిండాడు, అనుభవించాల’ అని బాప్తిస్మము పొంది మూడు తరములైన కుటుంబములలో కూడా వింటాము. ఇది యాకోబు కాడు, యోబు కాడు. కులము పేరిట వెలివాడలో పెట్టబడినవారికి ఆ రాత ఎవరు వ్రాశారో బాగా తెలుసు. దేవుని పేరిట దానికి మరలా సంతకము పెట్టించే పని ప్రసంగీకుడు చేయకూడదు. ఒంగోలు చరిత్ర ఇక్కడ జ్ఞాపకమునకు వస్తున్నది. అదే ధాత కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని, కూలి చూపించాడు. అన్నము కోసము మతము పుచ్చుకున్నారనే మాట రాకుండా ఆ కాలమంతా బాప్తిస్మములు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము ఉజ్జీవ కూటములలో గొప్పగా చెబుతాము. దానికి ముందున్న పారను, తట్టను, చేతిలో పడిన కూలిని చెప్పము. ఆ యేటి ఒడ్డున పుట్టిన ఆనందములో అవి కూడా ఉన్నాయి.

దీనికి ఎదురు కొసన దీవెన ప్రసంగము ఉన్నది. టీవీలో మొదలై ఇప్పుడు ప్రతి చేతిలోని ఫోనులోకి వచ్చింది. దానిని గూర్చి ఇప్పటికే చాలామంది వ్రాశారు. మేము ఎక్కువ చెప్పము. ఒక్కటి మాత్రము. ఆ ప్రసంగమును విమర్శించే మన పాత సంఘములు కూడా సాక్ష్యముల కూడికలో అదే అచ్చును వాడుతున్నాయి. కష్టము వచ్చింది, ప్రార్థన చేశాము, కష్టము పోయింది, స్తోత్రము. కష్టము పోనివారు లేచి నిలబడడానికి ఆ అచ్చులో చోటు లేదు. మా సంఘములో ఒక తల్లి, కుమారుడు చనిపోయిన తరువాత ఉపవాస ప్రార్థనకు రావడం మానింది. కారణమడిగితే, ‘అందరూ ఏదో ఒకటి చెప్తారయ్యగారూ, నేనేం చెప్పేది?’ అన్నది. అదే మాకు ఆ యేడు విన్న సాక్ష్యములన్నిటిలో నిజమైనదిగా తోచింది. కాని అది గుడిలో చెప్పబడలేదు, గుమ్మము దగ్గర చెప్పబడింది.

పాటల సంగతికి వద్దాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము మన సంఘములకు రెండవ వేదాంత గ్రంథము వంటిది; చదువురాని అవ్వలకు మొదటిదే. ప్రతి పాట పైన రాగము, తాళము వ్రాసి ఉండే ఆ పుస్తకములో పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలు వెన్నెముక. బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, దాని వెల చెల్లించిన మనిషి ఆయన. ఆ కీర్తనలలోని దుఃఖము వట్టి మాట కాదు. అయితే అవి ముఖ్యముగా పాపి దుఃఖము, పశ్చాత్తాపపు కన్నీరు. ఆయనను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆ ఘనత అలాగే ఉంటుంది. కాని నేను పాపము చేశాను అని ఏడవడానికి మనకు పాటలు దండిగా ఉన్నాయి. నాకు అన్యాయము జరిగింది అని ఏడవడానికి మేము వెదకిన మేరకు చాలా తక్కువ. కీర్తనల గ్రంథములో మాత్రము మూడవ వంతుకు పైగా మొరలే. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, ఆనందపు చరణము అతికించబడకుండా. దానిని కోత పండుగలో కాదు గదా, శుభ శుక్రవారమున కూడా మనము చదవము. 126వ కీర్తన చదువుతాము, గంపలు వస్తాయి గనుక.

తన సంఘము చరిత్రలోని నొప్పిని కూడా మన వారు పాడుకోలేదన్నది మా మనస్సులో ఉన్న మాట. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములలో చాలా భాగము చేరకుండా నిలిచిపోయాయి. 1963లో నంద్యాల డయాసిస్ ఏర్పడిన తరువాత కూడా కొంతకాలము ఒకే ఊరిలో, ఒకే వంశములో, రెండు గుడులు. దానిని గూర్చి పెద్దలు అరుగుల మీద మాట్లాడుకున్నారు గాని, సంఘముగా కూడి దేవుని యెదుట ఏడ్చినట్టు మేము వినలేదు. సరే, ఇది ప్రక్క సంగతి.

మొర లేని ఈ ఖాళీని సంఘము బయట ఒక క్రైస్తవ కవి పూరించాడు. గుర్రం జాషువా 1941 నాటి ‘గబ్బిలం’లో, గుడిలోకి రానివ్వబడని మనిషి తన గోడును కాశీలోని దేవునికి గబ్బిలముతో పంపుతాడు, గుడిలోకి దూరడానికి దానికి అడ్డు లేదు గనుక. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ‘క్రీస్తు చరిత్ర’ను మన పాస్టర్లు గౌరవముగా తలుస్తారు, ‘గబ్బిలం’ను సాహిత్యము వారికి వదిలివేస్తారు. మా మట్టుకు, కాపరి తర్ఫీదుకు రెండవదే ఎక్కువ అక్కర. హబక్కూకు మొదటి అధ్యాయము ఎలా ఉంటుందో తెలుగులో వినాలంటే అక్కడ వినవచ్చు.

దళిత వేదాంతమును 1980లలో ముందుకు తెచ్చిన అరవింద్ నిర్మల్, బాధానుభవము క్రియకంటే ముందుదని, దళితుడు దేవునిని ఆ బాధలోనే ఎరుగుతాడని వాదించాడు. ఇది మన సెమినరీలలో బాగా తెలిసిన వాదము. దీనితో మాకు పేచీ లేదు గాని, మా సంఘముల అనుభవము దీనిలో పూర్తిగా ఇమడదు. బాధను ఎరిగిన ఆ పల్లెలోనే క్రిస్మసు రాత్రి తెల్లవార్లు చెక్కభజన సాగుతుంది. ఆ కాళ్లకు పగలంతా చేలో పనిచేసిన అలుపు ఉన్నది. అయినా అడుగు తప్పదు. ఆ ఆనందము ఎక్కడిది? బాధను మాత్రమే మూలముగా చూస్తే దీనికి లెక్క చెప్పలేము. అమెరికా నల్లజాతి బానిసల ఆరాధన గీతములను గూర్చి జేమ్స్ కోన్ 1972లో వ్రాసిన పుస్తకము మాకు ఇక్కడ సహాయపడింది. ఆ పాటలలోని పరలోకము చచ్చిన తరువాతి చోటు మాత్రమే కాదు, విడుదలకు కూడా గుర్తు అంటాడాయన. సత్యనాథన్ క్లార్క్ 1998లో తమిళనాడు పరయల డప్పును గూర్చి వ్రాసినదానిని దీని ప్రక్కన పెట్టి చదవాలి. మన ప్రాంతములో చాలా గుడులు డప్పును చాలాకాలము గుమ్మము దాటనివ్వలేదు. చావు డప్పని ఒకరు, పాత మతపు గుర్తని ఒకరు. చావుకు, పెండ్లికి ఒకే వాద్యమును వాయించిన జనము కంటే శ్రమలో ఆనందమును గూర్చి ఎక్కువ తెలిసినవారెవరు? ఆ డప్పును బయట నిలబెట్టి లోపల మనము ఆనందమును గూర్చి మూడు భాగముల ప్రసంగము చేశాము.

ఫిలిప్పీ పత్రికను గూర్చి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాము. చెరసాలలో నుండి వ్రాయబడిన ఆనంద పత్రిక అని దానిని పొగడడం మామూలు. పౌలు ఆనందము పరిస్థితులతో సంబంధము లేనిదని కూడా చెబుతాము. ఇది సగము నిజము. ఎపఫ్రొదితు చావు దాకా పోయి బ్రతికాడని, అతడు పోయినట్లయితే తనకు దుఃఖము మీద దుఃఖము కలిగియుండేదని పౌలు దాచుకోకుండా వ్రాశాడు. నాలుగవ అధ్యాయములో తాను మిగుల సంతోషించినది ఎందుకంటే, వారు తనను గూర్చి మరలా ఆలోచించి కానుక పంపినందుకు. ఎలాగైనను ఉండడం నేర్చుకున్నానన్న వెంటనే, అయినా నా శ్రమలో మీరు పాలు పంచుకొన్నది మంచి పని అంటాడు. పంపినవారు ధనవంతులు కారు; మాసిదోనియ సంఘముల నిరుపేదతనము రెండవ కొరింథీ 8లో సాక్ష్యముగా ఉన్నది. అంటే చెరలోని ఆనందములో ఒక మూట ఉన్నది, దానిని మోసుకొని దారిలో జబ్బు పడిన మనిషి ఉన్నాడు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యము ప్రక్కకు తీసి సంఘమునకు ఇచ్చే మన తల్లులకు ఇది వ్యాఖ్యానము లేకుండానే తెలుస్తుంది. ఆ బియ్యము మూటలో ఎంత భాగము జీతముల ఖాతాకు పోతున్నదో, ఎంత భాగము పొయ్యి వెలగని యింటికి పోతున్నదో ప్రతి పాస్టరేటు కమిటీ తన పుస్తకములలో చూచుకోవచ్చును.

కొన్ని యేండ్లుగా మేము కోతపండుగ క్రమమును కొంచెము మార్చాము. కానుకలకు ముందు హబక్కూకు మొదటి అధ్యాయములోని మొర ఒకరు చదువుతారు. పంట రానివారు రానిదానిని తేవచ్చునని ముందు ఆదివారమే చెబుతాము. ఎండిన పత్తి కట్టె వచ్చింది. ఒక యేడు వడ్డీ లెక్కలు వ్రాసిన కాగితము మడిచి తెచ్చిన ఆయన ఉన్నాడు. తెరిచి చదవవద్దని కోరాడు, చదవలేదు. తరువాత మూడవ అధ్యాయము పదహారవ వచనము నుండి అందరము కలిసి చదువుతాము. అందరికీ ఇది నచ్చలేదు. పండుగ పూట ఏడుపులేమిటని పెద్దలలో ఒకరు గట్టిగానే అడిగారు. వేలములో డబ్బు తగ్గిందని కోశాధికారి అన్నారు, అది నిజమే. గుమ్మము దగ్గర మాట్లాడిన ఆ తల్లి మాత్రము రెండవ యేడు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది. పాట పాడలేదు. చదివేటప్పుడు పెదవులు కదిలించింది. చొప్ప కట్ట తెచ్చిన అవ్వ అప్పటికి లేదు.